బావ కోసిన మర

మా బావ పోయాడన్న కబురు నాకు డ్రైవర్ సీట్లో ఉండగా అందింది. కువైట్లో, మహబూలాలో ఒక బడి ముందు బస్సు ఆపుకొని, పిల్లలు బయటికి వచ్చే వేళ కోసం చూస్తున్నాను. ఊరి నుంచి అక్క ఫోన్ చేసింది. అక్క ఎప్పుడు చేసినా ముందు నా షుగరు సంగతి, తర్వాత ఇక్కడి ఎండలు, ఆ తర్వాతే అసలు విషయం. ఆ రోజు ఆ వరస తప్పింది.

"మీ బావ పోయినాడు రా. పొద్దున టీ తాగి గ్లాసు కింద పెట్టినాడు. అంతే," అంది.

అంతలోనే గంట కొట్టారు. పిల్లలు తోసుకుంటూ వచ్చి బస్సెక్కారు. వాళ్ళ గోల ఫోన్లో వినిపించినట్టుంది.

"బండి కాడ ఉండావా? సరే, పిల్లోళ్ళను ఇండ్లకు చేర్చి మాట్లాడు. ఇప్పుడు తొందరేముంది," అని పెట్టేసింది.

పిల్లలను ఒక్కొక్కరినే దించుతూ పోయాను. ఆ మధ్యాహ్నమంతా నా చెవి బండి వెనక ఇరుసు చప్పుడు మీదే ఉంది. బస్సు నడిపేవాడు రోడ్డును కళ్ళతో, ఇరుసును చెవులతో చూసుకోవాలని నాకు చెప్పింది ఆయనే. సెలవు దొరికి నేను రాజంపేట చేరేసరికి అన్నీ అయిపోయాయి. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన్ని ఊళ్ళో సంతాపానికి వచ్చినవాళ్ళంతా "మంచి మనిషి" అన్నారు. అది నిజమే. కానీ ఆయన చేసిన పని ఏమిటో వాళ్ళలో చాలామందికి తెలియదు. అది తెలియాలని నా కోరిక.

షువైఖ్ పారిశ్రామిక వాడలో ఒక బస్సుల కంపెనీ గ్యారేజీలో బావ మేస్త్రి. ఇరుసుల పని ఆయనది. అదే కంపెనీలో నేను డ్రైవర్ని. మా అక్క ఆ కంపెనీ యజమాని ఇంట్లో, బ్నీద్ అల్ గార్‌లో వంట చేసేది. అంటే ముగ్గురికీ వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఒకడే. శుక్రవారం మాత్రం ముగ్గురం ఒకచోట చేరి సంగటి తినేవాళ్ళం. బావ పొద్దున్నే కిరోసిన్‌తో వేళ్ళు రుద్దుకొని, తర్వాత సబ్బుతో, ఆ తర్వాత నిమ్మతొక్కతో రుద్దుకొని, వేళ్ళు వాసన చూసుకొని గానీ ముద్ద ముట్టేవాడు కాదు. "సంగటికి గ్రీజు వాసన తగిలితే మీ అక్క ఒప్పుకుంటాది గానీ నా నాలిక ఒప్పుకోదు," అనేవాడు.

అన్ని బండ్ల కడుపులూ తెలిసిన మా బావకు బండి నడపడం రాదు. కువైట్లో లైసెన్సు పరీక్షకు పోయిన ప్రతిసారీ తప్పాడు. రివర్సు చేసేటప్పుడు వెనక్కి చూడకుండా గేరుపెట్టె చప్పుడు వింటూ కూర్చునేవాడట. పరీక్ష పెట్టే పోలీసు విసిగిపోయి దిగమనేవాడు. మేం ఎగతాళి చేస్తే ఆయన నొచ్చుకునేవాడు కాదు. "నడపడం నీ పని. నడిచేటట్టు చెయ్యడం నా పని. రెండూ ఒకరే చేస్తే ఇంగొకరికి కూడెట్లా?" అనేవాడు.

ఇరాక్ సైన్యం కువైట్లోకి వచ్చిన ఆ వేసవిలో, అంతకు కొద్ది వారాల ముందే నా బస్సు జబ్బు పడింది. చదివేవాళ్ళందరికీ బండ్ల సంగతి తెలియాలని లేదు కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను. బస్సు వెనక చక్రాల మధ్య అడ్డంగా ఇరుసు ఉంటుంది. దాని నడుమ కుండలా ఉబ్బిన భాగం ఒకటి కనిపిస్తుంది. ఇంజన్ బలాన్ని చక్రాలకు పంచే పళ్ళ చక్రాలన్నీ ఒక ఇనుప దిమ్మలో అమర్చి, ఆ కుండకు మూత పెట్టినట్టు పెట్టి చుట్టూ బోల్టులతో బిగిస్తారు. కుండ అంచున వరసగా బెజ్జాలు, ఆ బెజ్జాల లోపల మెలికగా కోసిన గాట్లు, అవే మరలు. బోల్టును పట్టుకునేది ఆ మరే. మర తెగితే బోల్టు తిరుగుతూనే ఉంటుంది గాని బిగుసుకోదు. దిమ్మ కదులుతుంది, నూనె కారుతుంది, చివరికి పళ్ళు ఒకదాన్నొకటి నమిలేస్తాయి. వేగంగా పోయే బస్సులో అది జరిగితే చక్రాలు ఉన్నట్టుండి పట్టేస్తాయి.

నా బస్సుకు నూనె కారుతోందని వేరే గ్యారేజీలో ఎవరో పానా కాడకు పొడుగాటి పైపు తొడిగి, ఉన్న బలమంతా పెట్టి బిగించారు. సగానికి పైగా బెజ్జాల్లో మర తెగింది. బావ విప్పినప్పుడు తెగిన మర స్ప్రింగులా బోల్టుకు చుట్టుకొని బయటికి వచ్చింది. దాన్ని నా అరచేతిలో పెట్టాడు. "బలముంటే సాలదురా. యాడ ఆపాల్నో తెలిసుండాల," అన్నాడు. పైపు తొడిగే మెకానిక్కులంటే ఆయనకు ఒళ్ళు మంట. అలాంటివాళ్ళతో కలిసి టీ కూడా తాగేవాడు కాదు.

కొత్త ఇరుసు ఓడలో తెప్పిస్తామని కంపెనీ చెప్పింది. పాతదాన్ని విప్పి గ్యారేజీ ఆవరణలో దుంగల మీద పడుకోబెట్టారు. నా బస్సు వెనక భాగం చెక్క దిమ్మెల మీద నిలబడింది. ఓడ రాకముందే ఆగస్టు వచ్చింది. ఒక తెల్లవారి లేచేసరికి రోడ్ల మీద యుద్ధ ట్యాంకులు.

ఆ రోజుల గురించి చాలామంది చాలా చెప్పారు. నేను చూసింది చెబుతాను. కంపెనీ బస్సులను సైనికులు ఒక్కొక్కటే తోలుకుపోయారు. ఆ తర్వాత లారీలు తెచ్చి గ్యారేజీలోని లేతు మిషను, డ్రిల్లింగు మిషను, బరువులెత్తే గొలుసు కప్పీ అన్నీ ఎక్కించుకుపోయారు. బావ తన సొంత పనిముట్ల పెట్టెను మొదటిరోజే గోనెసంచిలో చుట్టి రూముకు తెచ్చుకున్నాడు గనక అది మిగిలింది. నా బస్సూ మిగిలింది. వెనక ఇరుసే లేని బస్సును ఎవరు తోలుకుపోగలరు?

అక్క పనిచేసే ఇంటికి దగ్గర్లోనే ఒక పాత మేడలో మన కడప వైపు ఆడవాళ్ళు చేరారు. ఇండ్లలో పనిచేసేవాళ్ళు. సేట్లు కార్లలో సౌదీ వైపు వెళ్ళిపోతూ కొందరికి ఇంటి తాళాలిచ్చారు, కొందరికి ఏమీ చెప్పలేదు. ఒకరిని చూసి ఒకరు వచ్చి, ఆ మేడలో ఒక్కో గది నిండిపోయింది. అక్క వాళ్ళ మామాను, అంటే ఆ ఇంటి యజమానురాలిని, అడిగి బియ్యం తెచ్చి వండిపెట్టేది. జోర్డాన్ దాకా చేరినవాళ్ళను మన ప్రభుత్వం విమానాల్లో తీసుకుపోతోందని అప్పటికే తెలిసింది. కానీ అక్కడికి చేరడం ఎట్లా? బాస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి దారి. దొరికిన బస్సులన్నీ కుటుంబాలతో నిండిపోతున్నాయి. ఒంటరి ఆడవాళ్ళను ఎక్కించుకొని చెక్‌పోస్టుల దగ్గర తంటాలు పడడానికి ఏ డ్రైవరూ ముందుకు రాలేదు.

ఒక శుక్రవారం అన్నం దగ్గర అక్క బావను సూటిగా అడిగింది. అన్ని బండ్లూ బాగుచేసే మనిషికి ఆవరణలో ఉన్న బస్సు కనబడలేదా అని. బావ ముద్ద కలుపుతూనే, "కనపడింది. రోజూ దాని గురించే అనుకుంటాండా. కానీ అది మనది కాదు కదా," అన్నాడు.

ఊరంతా ఎవరికి దొరికింది వాళ్ళు ఎత్తుకుపోతున్న రోజుల్లో ఆయన అడిగి తీసుకోవాలనుకున్నాడు. మరునాడు ముగ్గురం కఫీల్ దగ్గరికి వెళ్ళాం. ఆ పెద్దాయన పిల్లలను పంపేసి, తాను మాత్రం ఇల్లు వదలనని ఉండిపోయాడు. గడ్డం పెరిగి, మాసిన బట్టల్లో ఉన్నాడు. బావ వచ్చీరాని అరబ్బీలో బస్సు కావాలని, ఇరుసు తాను నిలబెడతానని, ఆడవాళ్ళను దాటించి మళ్ళీ తెచ్చి ఇస్తానని చెప్పాడు. పెద్దాయన నవ్వాడు. బస్సులన్నీ పోయాయి, ఒక్కడూ అడగలేదు, కదలని బస్సు కోసం నువ్వొచ్చి అడుగుతున్నావా అన్నాడు. లోపలికి పోయి మా ముగ్గురి పాస్‌పోర్టులూ, బస్సు కాగితాలూ తెచ్చి బావ చేతిలో పెట్టాడు. బస్సు తిరిగి రాకపోయినా ఫరవాలేదు, ఏమైందో మాత్రం నువ్వే వచ్చి చెప్పాలి అన్నాడు.

బావ వేసుకున్న ఉపాయం ఇది. పాత బోల్టులు పన్నెండు సైజువి. తెగిన బెజ్జాలను కొంచెం పెద్దవి చేసి, పద్నాలుగు సైజుకు కొత్త మర కోయాలి. మర కోసే పనిముట్టును ట్యాపు అంటారు. ఆ సైజు ట్యాపు ఆయన పెట్టెలో లేదు. షువైఖ్‌లో పనిముట్లు అమ్మే ఒక పాలస్తీనా ఆయన దుకాణం సరుకును ముందుగానే ఇంటికి చేరవేసుకున్నాడని తెలిసి వెతుక్కుంటూ వెళ్ళాం. ఆయన దగ్గర ఒక్కటంటే ఒక్క ట్యాపు ఉంది. గట్టి రకం బోల్టులు కూడా ఇచ్చాడు. ట్యాపు మాత్రం విరగ్గొట్టవద్దని, ఇంకోటి కువైట్లోనే దొరకదని చెప్పి పంపాడు. ఆయన చెప్పనక్కరలేదు. ట్యాపు బెజ్జంలో విరిగితే దాన్ని తొలవడానికి మామూలు డ్రిల్లు చాలదు. ఆ బెజ్జం అంతటితో చచ్చినట్టే. ఇరుసూ అంతే.

కుండ అంచు పైకి చూసేటట్టు ఇరుసును తిప్పి, పళ్ళెంలో నీళ్ళు పోసి అంచు మీద పెట్టి, నీళ్ళు ఒక పక్కకు ఒరగకుండా సమంగా నిలిచేదాకా దుంగల కింద చెక్కముక్కలు దోపాడు. బెజ్జం కాస్త వంకరపోయినా బోల్టు తల సరిగా కూర్చోదు, మళ్ళీ వదులవుతుంది. మిషను ఉంటే నిటారుగా తొలుస్తుంది. చేత్తో తిప్పే డ్రిల్లుతో ఎట్లా అని నాకు అనుమానం. దానికి ఆయన చేసిన పని చూసి నేను ఆశ్చర్యపోయాను. పళ్ళ చక్రాల దిమ్మనే తెచ్చి అంచు మీద కూర్చోబెట్టి, మర బాగున్న బెజ్జాల్లో పాత బోల్టులు బిగించాడు. ఇప్పుడు దిమ్మ కదలదు. దాని అంచుకున్న బెజ్జాల్లోంచి డ్రిల్లు దించితే అది వంకరపోవడానికి వీల్లేదు.

"గట్టిగా ఉండేటివాటిని పట్టుకోనే పోయినవాటిని నిలబెట్టాల," అన్నాడు. పనిలో అన్నమాటే అది. ఆ తర్వాత ఎన్ని సంసారాల తగాదాల్లో, ఎన్ని చావుల దగ్గర ఆయన ఆ మాట అనగా విన్నానో.

దిమ్మను పెట్టడం, తియ్యడం మా ఇద్దరివల్ల అయ్యే పని కాదు. కప్పీ లేదు. అక్క వెళ్ళి మేడలోని ఆడవాళ్ళను పిలుచుకొచ్చింది. నల్ల బుర్ఖాలు కప్పుకొని జట్లు జట్లుగా వచ్చారు. లోపలికి రాగానే బుర్ఖాలు తీసి కొంగులు బిగించారు. దిమ్మకు తాళ్ళు కట్టి, తాళ్ళలో ఇనుప పైపు దూర్చి, రెండు పక్కలా భుజాలు పెట్టి లేపారు. వాళ్ళలో రాయచోటి నుంచి వచ్చిన ఒకామె ఉండేది. బావ ఆమెను చెల్లెలా అని పిలిచేవాడు. దిమ్మ ఎంత బరువుంటుందోనని నేను వెనకాడుతుంటే ఆమె, "మా సేటు ఇంట్లో ఫ్రిజ్జు కంటే బరువా? దాన్ని నేనొక్కదాన్నే జరిపి తుడిచేదాన్ని," అని పైపు కింద భుజం పెట్టింది.

మర కోయడం చూస్తే సులువుగా కనిపిస్తుంది. ట్యాపును నూనెలో ముంచి, బెజ్జంలో నిలబెట్టి, పిడి పట్టుకొని సగం చుట్టు ముందుకు తిప్పాలి, పావు చుట్టు వెనక్కి తిప్పాలి. వెనక్కి తిప్పినప్పుడే తెగిన ఇనుప రజను విరిగి దారి ఇస్తుంది. ముందుకే తిప్పుకుంటూ పోతే రజను ఇరుక్కొని ట్యాపు విరుగుతుంది. "ఎనక్కి తిప్పను చేతగానోడు మర కొయ్యలేడు," అనేవాడు బావ. ఎండ మండిపోతోంది. చెమట ఆయన గడ్డం నుంచి అంచు మీద పడుతోంది. అక్క పక్కన కూర్చొని గుడ్డతో తుడుస్తోంది. ఒక్కో బెజ్జం అయ్యాక ట్యాపును కిరోసిన్‌లో కడిగి, వెలుగులో పట్టుకొని, పళ్ళు విరగలేదని చూసుకొని మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఆఖరి బెజ్జాలు మిగిలి ఉండగా సైనికుల జీపు వచ్చింది. ఆడవాళ్ళు షెడ్డు వెనక్కి వెళ్ళిపోయారు. అక్క మాత్రం కదల్లేదు. బావ ట్యాపు మీద గుడ్డ వేశాడు. ఆఫీసరు దిమ్మెల మీదున్న బస్సు చుట్టూ తిరిగి, ఇది నడుస్తుందా అని అడిగాడు. ఇరుసు ఊడదీసి ఉంది, చూడండి అన్నాడు బావ. అబద్ధమేమీ కాదు. ఆఫీసరుకు నమ్మకం కలగలేదు. జీపులోంచి ఒక సైనికుణ్ణి పిలిచి చూడమన్నాడు.

ఆ సైనికుడు బక్కగా ఉన్నాడు. గోళ్ళ చుట్టూ నల్లటి చారలు, మా బావకున్నట్టే. ఇరుసు దగ్గర గొంతుకూర్చున్నాడు. చూపుడువేలు ఒక బెజ్జంలో పెట్టి లోపల చుట్టూ తిప్పాడు. కొత్తగా కోసిన మర ఎలా ఉంటుందో పనివాడి వేలికి తెలియకపోదు. ఇంకో బెజ్జంలో పెట్టాడు. తర్వాత గుడ్డ కొంచెం ఎత్తి చూసి మళ్ళీ కప్పాడు. తల పైకెత్తకుండా, మాకు మాత్రమే వినబడేటట్టు, "పద్నాలుగా?" అని అరబ్బీలో అడిగాడు.

బావ తలూపాడు.

సైనికుడు లేచాడు. వేలికంటిన నూనెను ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆఫీసరు వైపు తిరిగి, "ఖర్బాన్," అన్నాడు. పాడైపోయింది, పనికిరాదు అని. వాళ్ళు జీపెక్కి వెళ్ళిపోయారు.

బావ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాడు. ఆయన చేతులు వణకడం నేను చూసింది ఆ ఒక్కసారే. అక్క నీళ్ళిస్తే తాగి, "యుద్ధానికి పట్టకచ్చినారు గానీ, వాడు షెడ్డు మనిషి," అన్నాడు. చేతుల వణుకు ఆగేదాకా ట్యాపు ముట్టనన్నాడు. అక్క భయపడింది, వాళ్ళు మళ్ళీ వస్తే ఏమిటని. అయినా ఆయన ఆగాడు. వణికే చేత్తో మర కోస్తే అప్పటిదాకా చేసినదంతా పోతుందని ఆయనకు తెలుసు. కొంతసేపటికి లేచి, నింపాదిగా ఆ మిగిలినవీ కోసి, ట్యాపును కడిగి, నూనె రాసి కాగితంలో చుట్టాడు. వెళ్ళేముందు దాన్ని ఆ పాలస్తీనా ఆయనకు తిరిగి ఇచ్చి వచ్చాం.

తర్వాత దిమ్మ అంచు బెజ్జాలనూ పెద్దవి చేసి, కుండ లోపల ఇనుప రజను ఒక్క పలుకైనా మిగలకుండా కిరోసిన్‌తో కడిగి, బిగించాడు. ఆడవాళ్ళే ఇరుసును బస్సు కిందికి దొర్లించారు. నేను స్టీరింగు పట్టుకొని ఆవరణలో మెల్లగా చుట్టూ తిప్పుతుంటే బావ బస్సు పక్కనే నడుస్తూ వచ్చాడు. నేను ఆపి ఎట్లా ఉందని అడిగాను. "చూద్దాం," అన్నాడు. ఆయన నోట ఏ పని గురించీ అయిపోయింది అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

వేకువనే బయలుదేరాం. బస్సులో సీట్లు, సీట్ల మధ్య నేల, మెట్లు అన్నీ ఆడవాళ్ళే. బాస్రా దాటాం, బాగ్దాద్ దాటాం. చెక్‌పోస్టుల్లో అక్క దిగి, ఇండ్లలో నేర్చుకున్న అరబ్బీతో, వీళ్ళంతా పనిమనుషులు, ఊరికి పోతున్నారు, వీళ్ళ దగ్గర ఏముంటుంది నాయనా అని బతిమాలి దారి తీసేది. ఆపిన ప్రతిచోటా బావ కిందికి దూరి ఇరుసు కుండకు అరచెయ్యి ఆనించేవాడు. చెయ్యి నిలవగలిగితే వేడి ఫరవాలేదు. ఆ తర్వాత ఒక్కో బోల్టునూ పానాతో తాకి చూసేవాడు. ఎడారిలో గుంతలు పడ్డ దారిలో బస్సు ఎగిరెగిరి పడినప్పుడు నా ప్రాణం పోయినంత పనయింది. దిగి చూస్తే ఒక్క బోల్టూ కదల్లేదు. ఒక్క చుక్క నూనె లేదు. ఆయన ఒళ్ళంతా దుమ్ముతో బయటికి వచ్చి, "యల్లా", పోదాం పద అని చెయ్యి ఊపాడు. ఆ ముఖంలో దాచుకోలేని సంతోషం నాకు ఇప్పటికీ కనబడుతూనే ఉంది.

జోర్డాన్ సరిహద్దులో గుడారాల దగ్గర అందరినీ దించాం. మేడలో ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. ఈ బస్సులో చోటు చాలనివాళ్ళు. బావ అక్కను పక్కకు పిలిచి ఏదో చెప్పబోయాడు. ఆయన నోరు తెరవకముందే అక్క తన సంచిలోంచి చెనిక్కాయల పొడి పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"వాళ్ళు నిన్ను నమ్మి కూచోనుండారు. పొండి ఇద్దరూ. బోల్టులు చూసుకుంటా పొండి," అంది.

మా అక్క ఆ క్షణంలో ఏడ్చి ఉంటే మేం వెనక్కి వెళ్ళేవాళ్ళం కాదేమో. ఆమె ఏడ్వలేదు. గుడారాల్లో నీళ్ళు పంచుతున్నచోట గొడవ జరుగుతుంటే, వరస కట్టించడానికి అటు వెళ్ళిపోయింది.

రెండోసారి మిగిలినవాళ్ళతో పాటు ఫర్వానియాలో చిక్కుకున్న కొన్ని కుటుంబాలనూ తీసుకొచ్చాం. వాళ్ళూ చేరారు. బస్సును కఫీల్‌కు అప్పగించాలని మళ్ళీ వెనక్కి మళ్ళినప్పుడు బాస్రా దగ్గర సైనికులు ఆపి, మమ్మల్ని దింపేసి బస్సును తీసుకున్నారు. బావ డ్రైవర్ సీట్లో కూర్చున్న సైనికుడి దగ్గరికి వెళ్ళి, వెనక ఇరుసు నూనె వారానికొకసారి చూసుకోమని, బోల్టుల సైజు పద్నాలుగని, పైపు తొడిగి బిగించవద్దని చెప్పాడు. నేను తిట్టాను, వాళ్ళకు చెప్పడమేమిటని. "బండి ఏం పాపం చేసిందిరా?" అన్నాడు. అక్కడి నుంచి లారీలు పట్టుకొని ఎట్లాగో జోర్డాన్ చేరి ఇంటికి వచ్చాం.

కువైట్ విముక్తి పొందిన కొన్ని నెలలకు, వీసాలు ఇవ్వడం మొదలవగానే బావ తిరిగి వచ్చాడు. విమానం దిగినరోజే కఫీల్ ఇంటికి వెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను. బస్సు బాస్రాలో పోయిందని తలవంచుకొని చెప్పాడు. పెద్దాయన బస్సు సంగతి ఎత్తనేలేదు. అందరూ చేరారా అని అడిగాడు. చేరారని చెప్పాడు బావ. "ఖలాస్," అన్నాడు ఆయన, ఇంక చాలు అని. లేచి బావ తలను రెండు చేతులా పట్టుకొని నుదుట ముద్దు పెట్టాడు. అరబ్బులు తమ పెద్దలకు చేసే మర్యాద అది. ఒక యజమాని తన దగ్గర పనిచేసే మనిషికి చేయగా నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత చాలా ఏళ్ళు షువైఖ్‌లోనే పనిచేశాడు. ఏ గ్యారేజీలో ఇరుసు మర తెగినా, కొత్తది వేయాలని ఎవరు చెప్పినా, ముందు మా బావకు చూపించేవాళ్ళు. మలయాళీలు, పాకిస్తానీలు, ఈజిప్టువాళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నారు. పైపులు తొడగడం మానుకున్నారు. చూపు మందగించాక, మర వేలికే గాని కంటికి సరిగ్గా ఆనడం లేదని ఒకనాడు పెట్టె సర్దుకొని ఊరికి వెళ్ళిపోయాడు.

ఆయన పోయాక వచ్చిన శుక్రవారం ఫర్వానియాలోని నా గదికి ఆనాటి బస్సులో వచ్చినవాళ్ళు కొందరు వచ్చారు. ఎవరికీ నేను కబురు పెట్టలేదు. ఒకరి ద్వారా ఒకరికి తెలిసింది. రాయచోటి ఆమె ఇప్పుడు మహబూలాలో కూతురి దగ్గర ఉంటోంది. కూతురు ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. ఆ అమ్మాయినీ వెంట తెచ్చింది. ఆమె గోడకు ఆనుకొని కూర్చుంది. తర్వాత తన కూతురికి నన్ను చూపించి, "ఆ పొద్దు ఆ అన్న మర కొయ్యకపోతే నువ్వు లేవు పాపా. నేను ఊరు చేరినాకనే గదా నాకు పెండ్లయింది," అంది. ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసి, మర అంటే ఏమిటి మామా అని అడిగింది. టేబుల్ మీదున్న నీళ్ళ సీసా మూత తిప్పి చూపిస్తూ చెప్పాను. ఆ అమ్మాయి సీసా తీసుకొని మూత విప్పి, అంచు మీద వేలితో తడిమి చూసింది. ఆ గదిలో కూర్చొని నేను ఆయన బామ్మర్దినని చెప్పుకోవడంలో నాకెంత గర్వమేసిందో మాటల్లో పెట్టలేను.

ఆయన గురించి తలచుకుంటే నాకు ఒకే దృశ్యం మళ్ళీ మళ్ళీ వస్తుంది. మొదటిసారి అందరినీ దించి, అక్కను గుడారాల దగ్గర వదిలి, ఖాళీ బస్సుతో మేమిద్దరం వెనక్కి వస్తున్నాం. పొద్దు బాగా ఎక్కింది. రెండు పక్కలా ఇసుక తప్ప ఏమీ లేదు. ఎవరో మరిచిపోయిన పచ్చటి చీర ఒకటి కిటికీ ఊచకు ఆరేసి ఉంది, అది బస్సు లోపలికీ బయటికీ ఎగురుతోంది. బావ వెనక్కి వెళ్ళి, సరిగ్గా ఇరుసు మీది భాగంలో నేల మీద పడుకొని చెక్కకు చెవి ఆనించాడు. ఏదైనా చప్పుడు వస్తే చెబుతాడని నేను అద్దంలో చూస్తూ నడుపుతున్నాను. చాలాసేపు కదల్లేదు. ఏమైందోనని వేగం తగ్గించి మళ్ళీ అద్దంలోకి చూశాను. చెవి నేలకు ఆనించినవాడు ఆనించినట్టే, నోరు కొంచెం తెరిచి, ఆయన హాయిగా నిద్రపోతున్నాడు.